చిప్పర్ కత్తులు: పదును, బిగింపు, మన వేళ్లు

(వేదిక వార్షిక సమావేశంలో ఒక సైట్ సూపర్‌వైజర్ చేసిన ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టే ఉంచి, అక్కడక్కడ మాత్రం సరిచేసి ఇస్తున్నాం.)



కమిటీవాళ్లు నన్ను పిలిచి "సైట్ సేఫ్టీ మీద ఒక పావుగంట మాట్లాడు" అన్నారు. సేఫ్టీ మాటలు మీరు ప్రతి పొద్దున టూల్‌బాక్స్ టాక్‌లో వింటూనే ఉంటారు. హెల్మెట్ పెట్టుకో, బూట్లు వేసుకో, నీళ్లు తాగు అని. మళ్లీ అదే మొదలుపెడితే వెనక వరసలో ఉన్న అన్నలు ఫోన్లు తీస్తారు. నేనైనా తీస్తాను. అందుకే ఈరోజు ఒకే ఒక్క వస్తువు గురించి మాట్లాడతాను. ఈ బల్ల మీద గోనె గుడ్డలో చుట్టి పెట్టినవి రెండు కత్తులు. చెట్లు, కొమ్మలు, ఖర్జూర మట్టలు ముక్కలు చేసే చిప్పర్ మిషన్‌లోవి. మాటలు అయిపోయాక విప్పి చూపిస్తాను, అందాక ఎవరూ ముట్టుకోకండి.

మీలో చాలామంది ల్యాండ్‌స్కేప్ కంపెనీల్లో ఉన్నారు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి వచ్చినోళ్లు, కడప నుంచి వచ్చినోళ్లు, గోదావరి జిల్లాలవాళ్లు, అందరూ ఈ మిషన్ దగ్గర ఏదో ఒక రోజు నిలబడే ఉంటారు. కట్టడం పని చేసేవాళ్లకూ ఇది తగులుతుంది. పాత తోట ఉన్న స్థలంలో విల్లాలు కట్టాలంటే ముందు చెట్లు తీయాలి, తీసినవాటిని ముక్కలు చేయాలి. నేను ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చదివి ఈ దేశం వచ్చాను. మొదటి నాలుగేళ్లు ఒక ల్యాండ్‌స్కేప్ కాంట్రాక్టరు దగ్గర మెకానిక్ హెల్పర్‌గా, తర్వాత ఛార్జ్‌హ్యాండ్‌గా చేశాను. కట్టడం సైటుకు సూపర్‌వైజర్‌గా మారింది ఆ తర్వాతే. ఇప్పుడు చెప్పేదంతా ఆ నాలుగేళ్లలో నేర్చుకున్నది. అందులో కొంత తప్పు చేసి నేర్చుకున్నది.

కత్తి పదును గురించి నాకు మొదట చెప్పింది ఐటీఐ మాస్టారు కాదు, మా తాత. ఆయన గీత కార్మికుడు. పొద్దున చెట్టెక్కే ముందు చెక్క పలక మీద రాతి పొడి చల్లి గీసకత్తిని అటూ ఇటూ నూరేవాడు. తాటిచెట్టుకైనా ఈతచెట్టుకైనా నూరకుండా ఎక్కింది నేను చూడలేదు. నేను చిన్నప్పుడు అడిగాను, "నిన్ననే నూరినవు కద తాతా, మళ్లెందుకు?" అని. "మొద్దు కత్తి పట్టుకుంటే చెయ్యి బలం పెడ్తది బిడ్డా. బలం పెట్టిన చెయ్యి జారుతది. నేనుండేది చెట్టు మీద" అన్నాడు. ఈత, ఖర్జూరం ఒకే జాతి చెట్లు. అల్ ఐన్‌లో మొదటిసారి ఖర్జూర తోటలోకి పోయి ఆ మట్టలు, ఆ ముళ్లు చూసినప్పుడు ఊళ్లో ఈతవనం గుర్తొచ్చింది. ఆ తోటలు, వాటికి నీళ్లు పారే ఫలజ్ కాలువలు ఎంత పాతవంటే 2011లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మనకు మాత్రం అది మట్టలు కొట్టే డ్యూటీ.

ఇక మిషన్ సంగతి. చిప్పర్లు ముఖ్యంగా రెండు రకాలు. ఒకదాంట్లో పెద్ద ఇనుప పళ్లెం తిరుగుతుంది, దాని ముఖం మీద కత్తులు బిగించి ఉంటాయి. అది డిస్క్ చిప్పర్. రెండోదాంట్లో పీపాలాంటి డ్రమ్ము తిరుగుతుంది, దాని వీపు మీద కత్తులుంటాయి. ఏదైనా సరే, కత్తి ఒక్కటే కోయలేదు. కత్తికి ఎదురుగా కదలని ఇనుప పట్టీ ఒకటి ఉంటుంది. ఇంగ్లీషులో ఎన్విల్ అంటారు, అంటే మన కమ్మరి దాగలే. కట్టె ఆ పట్టీ మీద ఆనుతుంది, కత్తి వచ్చి తెంపుతుంది. కత్తెరకు రెండు రేకులు ఉన్నట్టే ఇక్కడా రెండు అంచులు. మనోళ్లు పై కత్తిని చూస్తారు గానీ కింది పట్టీని ఎవరూ చూడరు. దాని అంచు గుండ్రంగా అరిగిపోతే పైన ఎంత కొత్త కత్తి వేసినా మట్ట తెగదు, నలుగుతుంది.

వేగం ఎంతో లెక్క వేసి చెప్తాను. డిస్క్ నిమిషానికి 1000 సార్లు తిరుగుతోంది, కత్తి మధ్య ఇరుసు నుంచి 40 సెంటీమీటర్ల దూరంలో ఉంది అనుకోండి. ఆ కత్తి గంటకు సుమారు 150 కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టు. షేక్ జాయెద్ రోడ్డు మీద కూడా అంత వేగంగా పోతే ఫైన్ పడుతుంది. నాలుగు కత్తులుంటే నిమిషానికి 4000 దెబ్బలు.

మొద్దుబారిన సంగతి ఎట్లా తెలుస్తుంది? వేలు పెట్టి చూసేవాళ్లున్నారు, ఆ పని వద్దు. మిషనే చెప్తుంది. పదునున్నప్పుడు బయటికి పడే ముక్కలు శుభ్రంగా, ఒకే సైజులో, అంచులు తెగినట్టు ఉంటాయి. మొద్దుబారితే పీచు పడుతుంది, కొబ్బరి పీచులాగా పొడుగ్గా. దాంతోపాటు దుమ్ము ఎక్కువ. పదునున్న మిషన్ కట్టెను తానే లోపలికి గుంజుకుంటుంది. మొద్దు మిషన్‌లో కట్టె ఎగిరెగిరి పడుతుంది, నోటి దగ్గర ఆగిపోతుంది, మనిషి చేత్తో తొయ్యాల్సి వస్తుంది. ఇంజను గొంతు మారుతుంది, ప్రతి లావు కొమ్మకూ మూలుగుతుంది. డీజిల్ ఎక్కువ తాగుతుంది. మిషన్ ఆపి, లాక్ చేసి, టార్చి వేసి అంచు చూడండి. పదునైన అంచు మీద వెలుతురు నిలవదు, ఏమీ కనబడదు. అంచు పొడుగునా తెల్లటి గీత మెరుస్తోందంటే అక్కడ అంచు చచ్చిపోయింది. ఆ మెరిసేది అరిగిన చదును.

ఎన్ని గంటలకు పదును పోతుందని అడుగుతారు. మిషన్ పుస్తకంలో రాసి ఉంటుంది. కానీ ఆ పుస్తకం రాసినవాళ్ల కట్టె వేరు, మన కట్టె వేరు. శుభ్రమైన మెత్తటి కట్టెకు ఉన్న లెక్క మన ఖర్జూర మట్టకు పనికిరాదు. తాటి, ఈత, ఖర్జూరం జాతుల ఆకుల్లోనే సహజంగా సిలికా ఉంటుంది, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. దానికి తోడు మట్ట మొదట్లో, ఆ పీచు సందుల్లో గాలికి వచ్చిన ఇసుక పేరుకుని ఉంటుంది. పైగా మనం మట్టల్ని కొట్టి నేల మీద నుంచి ఈడ్చుకొస్తాం. అంటే కత్తికి మనమే గరుకు కాగితం రుద్దుతున్నట్టు. మా టీములో పొద్దున పెట్టిన పదును ఒక్కోసారి మరుసటి రోజు మధ్యాహ్నానికే పోయేది. ఈడ్చడం మానేసి టార్పాలిన్ పరిచి దాని మీదకు మట్టలు వేయడం మొదలుపెట్టాక, మిషన్ నోట్లో పెట్టే ముందు ఒకసారి నేలకేసి దులిపాక, అదే పదును ఎక్కువ రోజులు ఆగింది. ఖర్చు ఒక టార్పాలిన్.

ఎర్ర ముక్కు పురుగు పట్టిన చెట్లను కూడా ముక్కలు చేస్తారు, పురుగు బయటికి పోకుండా. ఆ మొద్దులు పీచుతో నిండి మెత్తగా, తడిగా ఉంటాయి. కత్తికి మెత్తనే గానీ డిస్క్‌కు చుట్టుకుంటాయి. చెట్టుకు కట్టిన తీగ, ప్లాస్టిక్ తాడు, మేకు, స్టేపుల్, డ్రిప్ పైపు ముక్క, ఇవి ముందే ఏరాలి. కట్టడం సైటువాళ్లకు ఒక మాట: షట్టరింగ్ చెక్కలు, ప్యాలెట్లు చిప్పర్‌లో వెయ్యకండి. "రెండు మేకులే కదా, ఖల్లీవల్లీ" అంటాడు ఒకడు. ఆ రెండు మేకులు నాలుగు కత్తుల్నీ పన్నులు ఊడిన దువ్వెనలాగా చేస్తాయి. విరిగిన ముక్క ఎటు ఎగురుతుందో ఎవరికీ తెలియదు.

కత్తి విప్పే పద్ధతి గురించి చెప్పే ముందు, ఒక సంగతి చెప్పాలి. చెప్పడం నాకు అంత సులువు కాదు.

ఎనిమిదేళ్ల కింద మాట. మా టీములో మా పక్క ఊరి తమ్ముడు ఒకడు ఉండేవాడు. నన్ను అన్నా అని పిలిచేవాడు, ఒకే గదిలో పై బెడ్డు ఆయనది. కత్తులు మొద్దుబారాయని ఆ వారం రెండుసార్లు నాకు చెప్పాడు. నేను ఆఫీసులో అడిగాను. కొత్త సెట్టు వచ్చే నెల అన్నారు, నూరించడానికి పంపితే మిషన్ ఒకరోజు ఆగుతుంది, పని ఆగొద్దు అన్నారు. నేను ఆ మాటే తెచ్చి ఆయనకు చెప్పాను. "ఈ వారం ఎట్లనో నడిపిద్దాం తమ్మీ" అన్నాను. ఆ మాట నాదే, ఆఫీసుది కాదు.

గురువారం మధ్యాహ్నం మూడు దాటాక మట్టలు డిస్క్‌కు చుట్టుకుని మిషన్ ఆగినంత పనైంది. ఆ రోజు అది నాలుగోసారి. ఆయన ఇంజను ఆపాడు. ఇంజను ఆగినా డిస్క్ ఆగదు. అంత బరువైన ఇనుము తిరిగే ఊపుకు రెండు మూడు నిమిషాలు, కొన్ని మిషన్లలో ఇంకా ఎక్కువసేపు తిరుగుతూనే ఉంటుంది. హుడ్ తెరిస్తే ఇంజను నడవకుండా ఆపే స్విచ్చి ఒకటి ఉంటుంది, దాన్ని ఎవరో ఎప్పుడో జంపర్ వైరు వేసి పక్కకు తప్పించారు. హుడ్ పిన్నుకు తాళం లేదు. పక్కన నీళ్ల పంపు జనరేటరు మోగుతోంది, ఆయన చెవులకు మఫ్ ఉంది. డిస్క్ శబ్దం వినబడలేదు. ఆగిపోయిందనుకుని హుడ్ లేపి పీచు గుంజబోయాడు. కుడి చేతి రెండు వేళ్లు మొదలుకంటా పోయాయి, మూడోది సగం.

ఆస్పత్రికి నేనే తీసుకెళ్లాను. తెగిన వేళ్లను శుభ్రమైన గుడ్డలో చుట్టి, కవర్లో పెట్టి, ఆ కవరును ఐసు మీద ఉంచాలని అప్పటికి నాకు తెలియదు. ఇప్పుడు మీకు చెప్తున్నాను. నేరుగా ఐసులో వెయ్యకూడదు, కవర్లో ఉండాలి. ఆ వేళ్లు నలిగిపోయి ఉన్నాయి, తెచ్చినా అతికేవి కావని డాక్టరు అన్నాడు. అయినా ఆ మాట ఎన్నిసార్లు గుర్తు తెచ్చుకున్నా నాకు సరిపోలేదు.

మర్నాడు ఆఫీసులో ఒక రిపోర్టు నా ముందు పెట్టారు. "కార్మికుడి నిర్లక్ష్యం" అని ఉంది. కత్తుల సంగతి లేదు, స్విచ్చి సంగతి లేదు. సాక్షిగా సంతకం పెట్టమన్నారు. పెట్టాను. ఇంట్లో చెల్లి పెళ్లి అప్పు ఉంది, వీసా రెన్యువల్ దగ్గరికొచ్చింది, ఇవన్నీ కారణాలే. నాలుగు రోజులు ఆయన ఖాళీ బెడ్డు కింద పడుకున్నాను. ఐదో రోజు వెళ్లి ఇంకో కాగితం రాసి ఇచ్చాను: కత్తులు మొద్దుగా ఉన్నాయి, నేను రెండుసార్లు అడిగాను, స్విచ్చికి జంపర్ ఉంది, తాళం లేదు, "ఈ వారం నడిపిద్దాం" అన్నది నేను. నా దగ్గర జంపర్ వైరు ఫోటో ఉంది, అది కూడా జత చేశాను. ఆయనకు రావాల్సిన డబ్బు కొన్ని నెలలు పట్టినా వచ్చింది. నా కాంట్రాక్టు మాత్రం గడువు అయ్యాక మళ్లీ రాయలేదు. దాని గురించి నాకు బాధ లేదు. బాధ ఆ మొదటి సంతకం గురించి. ఆయన ఇప్పుడు ఊళ్లో ఆటో నడుపుతున్నాడు. ఈ మాటలు ఇక్కడ చెప్తానని ఫోన్ చేసి అడిగాను. "చెప్పు అన్నా, పేరు మాత్రం వద్దు" అన్నాడు.

ఇప్పుడు విప్పే పద్ధతి. మిషన్ సమంగా ఉన్న నేల మీద, చక్రాలకు అడ్డు పెట్టి. ఇంజను ఆపాలి, తాళం చెవి జేబులో వేసుకోవాలి. ఎవరి చేతులు లోపలికి పోతాయో వాళ్ల జేబులోనే, ఫోర్‌మన్ జేబులో కాదు. బ్యాటరీ మైనస్ వైరు తీయాలి. డిస్క్ పూర్తిగా ఆగిందని కంటితో చూడాలి. బయటికి కనబడే బెల్టు గానీ ఇరుసు చివర గానీ చూస్తే తెలుస్తుంది. కట్టె పెట్టి ఆపకండి, ఆ కట్టె మీ మీదికే వస్తుంది. ఆగాకే హుడ్. హుడ్ లేపగానే లాక్ పిన్ను పెట్టాలి, లేకపోతే చెక్క ఆప కొట్టాలి. ఎందుకంటే ఒక కత్తి విప్పగానే ఆ వైపు బరువు తగ్గి డిస్క్ తనంతట తానే తిరుగుతుంది. ఇంజను ఆపి, చెవి తీసి, అన్నీ చేసి కూడా ఈ ఒక్కదాంతో వేళ్లు కోసుకున్నవాళ్లు ఉన్నారు.

చేతికి మందపు తోలు గ్లౌజులు. పానా తిప్పేటప్పుడు అది జారితే మీ పిడికిలి ఎటు పోతుందో ముందే చూసుకోండి. అటు కత్తి అంచు ఉంటే దాని మీద చీల్చిన రబ్బరు పైపు ముక్క తొడగండి. నేను పాత డ్రిప్ పైపు వాడేవాణ్ణి. విప్పిన కత్తికి నంబరు వెయ్యండి, ఏ చోటుది ఆ చోటికే పోవాలి. కత్తుల్ని విడిగా పికప్ వెనక పడెయ్యకండి, చెక్క పెట్టెలో గాడులు చేసి పెట్టండి.

కత్తి కూర్చునే చోటును శుభ్రంగా గీకాలి. జిగురు, పీచు, ఇసుక అక్కడ గట్టిపడి ఉంటాయి. కత్తి కింద చిన్న ఇసుక పలుకు ఉన్నా అది సమంగా ఆనదు, దెబ్బ పడ్డప్పుడల్లా వంగి, కొన్నాళ్లకు పగులుతుంది. పగుళ్లు చూడడానికి మా వర్క్‌షాపులో పాత పద్ధతి ఒకటి ఉండేది. కత్తిని డీజిల్‌తో తడిపి, కొంచెం సేపు ఉంచి, గుడ్డతో పొడిగా తుడిచి, సుద్ద పొడి రాయాలి. పగులు ఉంటే అందులో దాగిన డీజిల్ సుద్దలోకి ఊరి సన్నని గీత కనబడుతుంది. బోల్టు రంధ్రాల చుట్టూ ముఖ్యంగా చూడాలి. గీత కనబడ్డ కత్తిని నూరొద్దు, వెల్డింగ్ చేయించొద్దు. ఇంకెవరూ వాడకుండా గ్రైండర్‌తో కోసి స్క్రాపులో వెయ్యండి. మొత్తంగా పడేస్తే ఎవరో ఒకరు ఏరి మళ్లీ తెస్తారు, నేను చూశాను.

నూరడం. ఇక్కడ మనోళ్లు చేసే పెద్ద తప్పు చేతి గ్రైండర్. సైట్‌లో అందుబాటులో ఉంటుంది, పది నిమిషాల్లో మెరుస్తుంది. కానీ కోణం ఒక్కోచోట ఒక్కోలా పోతుంది, అంచు అలలు అలలుగా వస్తుంది, పైగా వేడెక్కుతుంది. ఊళ్లో కమ్మరి కొడవలికి ఏం చేస్తాడు? కొలిమిలో కాల్చి, సాగగొట్టి, చివర్లో సరైన ఎరుపు చూసి నీళ్లలో ముంచుతాడు. ఆ ముంచడంలోనే గట్టిదనం వస్తుంది. చిప్పర్ కత్తికి కూడా ఫ్యాక్టరీలో అట్లాంటి పనే లెక్క ప్రకారం చేసి పంపిస్తారు. మనం గ్రైండర్‌తో అంచును నీలం రంగు తేలేదాకా వేడి చేస్తే, ఆ చేసిన పనిని చెడగొట్టినట్టే. ఆ నీలం ఉన్నచోట అంచు మెత్తబడి తొందరగా మడతపడవచ్చు, కంటికి కనబడని పగుళ్లు కూడా రావచ్చు. గుడ్డలో ఉన్న రెండు కత్తుల్లో ఒకటి అట్లాంటిదే. అది చేసింది నేనే, మొదటి ఏడాది.

సరైన దారి సనాయియాలో కత్తులు నూరే షాపు. అక్కడ అయస్కాంతపు బల్ల ఉన్న గ్రైండింగ్ మిషన్ ఉంటుంది. కత్తుల్ని వరసగా పెట్టి, పైన నీళ్లు పారుతుండగా కొంచెం కొంచెంగా తీస్తారు. నీళ్లు లేకుండా నూరే షాపుకు ఇవ్వకండి, ఎంత చవకైనా సరే. ఇచ్చేటప్పుడు మూడు మాటలు చెప్పాలి. ఒకటి, కోణం మార్చొద్దు. నేను పనిచేసిన మిషన్లలో 30 నుంచి 45 డిగ్రీల మధ్య ఉండేది, మీ మిషన్‌ది దాని పుస్తకం చెప్తుంది. కోణం సన్నగా చేస్తే గడ్డం కత్తిలాగా బాగా తెగుతుంది గానీ ముడి తగలగానే అంచు ఊడుతుంది. లావుగా చేస్తే గొడ్డలిలా బలంగా ఉంటుంది గానీ ఇంజను మీద భారం. నేను కొత్త కత్తి వచ్చినప్పుడే దాని అంచుకు సరిపోయేలా అట్టముక్క కోసి పెట్టుకునేవాణ్ణి. నూరి వచ్చిన ప్రతి కత్తికీ ఆ అట్ట పెట్టి చూస్తే చాలు, ప్రొట్రాక్టర్ అక్కర్లేదు.

రెండు, సెట్టులోని కత్తులన్నీ ఒకేసారి, ఒకే అంత తీయాలి. ఒక కత్తికి గంటు పడిందని దాన్ని ఒక్కదాన్నే ఎక్కువ నూరితే బరువు తేడా వస్తుంది. ఇందాకటి లెక్కే తీసుకోండి. 40 సెంటీమీటర్ల దూరంలో, 1000 చుట్ల వేగంలో, 50 గ్రాముల తేడా ఉంటే అది ఇరుసును సుమారు 22 కిలోల బరువంత బలంతో పక్కకు గుంజుతుంది. ప్రతి చుట్టుకూ ఆ గుంజుడు దిక్కు మారుతూ తిరుగుతుంది. బేరింగులు ఎందుకు పోతున్నాయని ఆఫీసులో తలలు పట్టుకుంటారు, కారణం మెస్సులో కూరగాయలు తూచే ఎలక్ట్రానిక్ త్రాసు మీద దొరుకుతుంది. మేం నిజంగా మెస్సు త్రాసే వాడాం. వంట మాస్టరు తిట్టాడు, తర్వాత అలవాటు పడ్డాడు. ఎదురెదురుగా బిగించే జతలు కనీసం సమానంగా ఉండేలా చూసుకోవాలి.

మూడు, వాలు ఉన్న ముఖమే నూరాలి, వెనక చదును ముఖాన్ని కాదు. నూరాక చదును వైపు సన్నని పొర లేస్తుంది. దాన్ని సానరాయితో, రాయిని చదునుగా ఆనించి, తేలిగ్గా రెండుసార్లు తీస్తే చాలు. రెండు పనుల మధ్య మిషన్ మీదే, డిస్క్ లాక్ చేసి, సానరాయితో అంచును నాలుగుసార్లు సవరించుకోవచ్చు. మా తాత చేసినట్టే. అది మొద్దుబారకముందు చేయాలి, మొద్దుబారాక రాయి ఏమీ చెయ్యలేదు.

నూరిన కొద్దీ కత్తి వెడల్పు తగ్గుతుంది. ఎంత దాకా వాడొచ్చో పుస్తకంలో హద్దు ఉంటుంది. ఆ హద్దు దాటిన కత్తిని పట్టి ఉంచే ఇనుము చాలదు. వెడల్పు తగ్గితే కింది పట్టీకి, కత్తికి మధ్య సందు కూడా పెరుగుతుంది. చాలా మిషన్లలో ఆ సందు ఒకటిన్నర నుంచి మూడు మిల్లీమీటర్ల లోపే. ఫీలర్ గేజ్ పెట్టి చూడాలి. ఒక్క కత్తికి చూసి వదలొద్దు, పిన్ను తీసి, కర్రతో డిస్క్‌ను మెల్లగా తిప్పి, మళ్లీ పిన్ను పెట్టి, ప్రతి కత్తికీ చూడాలి. సందు ఎక్కువైతే పీచు అందులో దూరి చుట్టుకుంటుంది. మా తమ్ముడి రోజు నాలుగుసార్లు మిషన్ ఎందుకు ఆగిందో తర్వాత కొలిస్తే తెలిసింది. ఉండాల్సినదానికి రెండింతలకు పైగా ఉంది.

బోల్టులు పెద్ద విషయం, అయినా తక్కువ మాటల్లో చెప్పొచ్చు. కంపెనీ పంపిన బోల్టులే, కొత్త నట్లే. బోల్టు తల మీద 10.9 అనో 12.9 అనో ఉంటే దాని చోట స్కాఫోల్డింగ్ పెట్టెలో దొరికిన 8.8 వెయ్యకండి. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, బలం ఒకటి కాదు. ఇంపాక్ట్ గన్ విప్పడానికి సరే, బిగించడానికి టార్క్ రెంచి. ఒక గంట నడిపాక ఆపి, మొత్తం లాక్ పద్ధతి మళ్లీ చేసి, మళ్లీ బిగింపు చూడాలి. విసుగే. కానీ వదులైన కత్తి 150 కిలోమీటర్ల వేగంతో బయటికొస్తే దాని దారిలో హెల్మెట్ ఉన్నా లేనట్టే.

మిషన్‌కు మట్ట పెట్టేటప్పుడు ఎదురుగా కాకుండా పక్కన నిలబడాలి, లావు మొదలు ముందు పెట్టాలి, రోలర్ పట్టుకోగానే వదిలేసి పక్కకు రావాలి. పొట్టి ముక్కల్ని చేత్తో తోయొద్దు, కాలితో అసలే వద్దు, పొడుగు కొమ్మతో తోయాలి. మణికట్టు దాకా వదులుగా వేలాడే గ్లౌజులు, మెడకు కట్టిన గుడ్డ చివరలు, ఇవి ఖర్జూర ముల్లుకు చిక్కితే మట్టతోపాటు మనిషి కూడా లోపలికి పోతాడు. ఎండకు మొహం చుట్టూ గుడ్డ కట్టుకోవడం మనకు తప్పదు, చివరలు చొక్కా లోపలికి దోపుకోండి. స్టాప్ బార్ పనిచేస్తుందో లేదో పొద్దున ఖాళీ మిషన్ మీద నొక్కి చూడండి.

ఆఫీసును ఎట్లా అడగాలి? నోటితో అడిగితే గాలికి పోతుంది, నేను రెండుసార్లు అడిగింది అట్లాగే పోయింది. ఒక నోటుబుక్కు పెట్టుకోండి. తేదీ, మిషన్ నడిచిన గంటలు, కత్తి పరిస్థితి, ఎవరికి చెప్పాం. పీచు పడుతున్న ఫోటో తీసి టీము వాట్సాప్ గ్రూపులో వెయ్యండి, అందులో తేదీ దానంతట అదే ఉంటుంది. ప్రమాదం గురించి మాత్రమే రాస్తే కొందరు ముదీర్లు చదవరు. డీజిల్ ఎంత ఎక్కువైంది, ట్రిప్పులు ఎన్ని తగ్గాయి అని కూడా రాయండి, అది చదువుతారు. మిషన్‌కు రెండు సెట్ల కత్తులు ఉండేలా అడగండి. ఒకటి మిషన్ మీద, ఒకటి పెట్టెలో. అప్పుడు నూరడానికి పంపితే పని ఆగదు. ఆ రోజు నాకు ఈ వాదన తట్టలేదు.

యూఏఈలో ఉన్నవాళ్లకు చట్టం సంగతి కొంచెం. 2021 నాటి 33వ నంబరు కార్మిక చట్టం ప్రకారం పనిలో గాయమైతే వైద్యం ఖర్చు యజమానిదే. కోలుకునేదాకా ఆరు నెలల వరకు పూర్తి జీతం, తర్వాత ఇంకో ఆరు నెలల వరకు సగం జీతం ఇవ్వాలి. శాశ్వతంగా అవయవం పోతే దానికి వేరే పరిహారం ఉంటుంది. అందుకే రిపోర్టులో ఏం రాశారన్నది అంత ముఖ్యం. అర్థం కాని భాషలో ఉన్న కాగితం మీద సంతకం అడిగితే ఫోటో తీసుకుని, చదివించుకుని పెడతానని చెప్పండి. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద వచ్చినవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది, ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షల రూపాయల వరకు. ఆ పాలసీ కాగితం ఎక్కడుందో మనలో సగం మందికి తెలియదు. ఈ రాత్రి ఇంటికి ఫోన్ చేసినప్పుడు అడగండి, దాని గడువు కూడా చూడమనండి.

ఇక గుడ్డ విప్పుతున్నాను. ఇది నీలం తేలిన కత్తి, ఇది సరిగ్గా నూరిన కత్తి. అట్టముక్క కూడా పక్కనే ఉంది. టార్చి వేసి రెండు అంచుల మీదా వెలుతురు ఎట్లా పడుతుందో చూడండి. తోలు గ్లౌజులు రెండే జతలు తెచ్చాను, కాబట్టి ఒక్కొక్కరుగా రండి. ముందు మిషన్ దగ్గర పనిచేసే తమ్ముళ్లు రండి, తర్వాత సూపర్‌వైజర్లు.